హెచ్‌టీ (హై టెన్షన్ కరెంటు) లైను కింద ఆర్‌సీ (రిమోట్) కారు దానంతటదే తిరుగుతోంది (27 మెగాహెర్ట్జ్ పాత సెట్)

గడ్డిమిడత
ఏప్రిల్ 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం శంకర్‌పల్లి వైపు ఉంటాం. మా మేనమామ 1988లో దుబాయ్ నుంచి తెచ్చిన తమియా గ్రాస్‌హాపర్ (జపాన్ కంపెనీ రిమోట్ కారు) నా దగ్గరుంది. రెండు స్టిక్కుల రిమోట్, 27 మెగాహెర్ట్జ్ ఏఎం (పాతరకం రేడియో పద్ధతి), ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ పసుపుది, అంటే 27.145. మోటారు 380 సైజుది. స్పీడ్ కంట్రోల్ పాతకాలం మెకానికల్‌దే. నాలుగు నెలలు కూర్చుని శుభ్రం చేసి, టైర్లు మార్చి మళ్లీ నడిచేలా చేశాను.

మా వీధిలో బాగానే నడుస్తోంది. అసలు తిప్పాలనుకున్నది మాత్రం వెంచర్ పక్కన హెచ్‌టీ లైను కింద ఉన్న ఖాళీ జాగాలో. అక్కడ ఎవరూ ఇళ్లు కట్టరు కాబట్టి పొడుగ్గా మట్టి నేల, మంచి ట్రాకు. అక్కడికి తీసుకెళ్తే చాలు, ముందు చక్రాలు జ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. నిన్న స్టిక్ వదిలేసినా కారు ఒక్కసారిగా ముందుకు దూకి, మా పాప కాలి పక్క నుంచి దూసుకుపోయి హద్దురాయికి కొట్టుకుంది. బంపర్ పగిలింది. పాప భయపడిపోయింది.

హెచ్‌టీ లైను కరెంటు రేడియోని అంతలా చెడగొడుతుందా? చేయగలిగింది ఏమైనా ఉందా?

---

స్పీడ్_సాయి
ఏప్రిల్ 4, రాత్రి 10:05

బ్రో, 27 మెగాహెర్ట్జ్‌తో ఇంకా కుస్తీ ఎందుకు? 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్, రిసీవర్ సెట్టు తీసుకుని పెట్టేయండి. అరగంట పని.

---

గడ్డిమిడత
ఏప్రిల్ 4, రాత్రి 10:31

సాయి గారూ, అది నాకూ తెలుసు. మామయ్య పోయి రెండేళ్లయింది. రిమోట్ వెనకాల ఆయన బాల్‌పెన్నుతో రాసుకున్న పేరు ఇంకా చెరగలేదు. ఈ కారు ఆ రిమోట్‌తోనే నడవాలని నా కోరిక. వేరే దారేదీ లేకపోతే అప్పుడు చూస్తాను.

---

షార్ట్‌వేవ్_తాత
ఏప్రిల్ 5, ఉదయం 6:15

గడ్డిమిడత గారూ, నేను నలభై ఏళ్లుగా హ్యామ్ రేడియోలో (లైసెన్సుతో సరదాగా నడిపే సొంత రేడియో) ఉన్నాను. కరెంటు లైన్ల గోలతో నా సగం జీవితం గడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మన లైన్లలో పారేది 50 హెర్ట్జ్. మీ రిసీవర్ వినేది సెకనుకు 2 కోట్ల 71 లక్షల సార్లు ఊగే తరంగాన్ని. కాబట్టి ఆ 50 హెర్ట్జ్ కరెంటు మీ రిసీవర్‌లోకి నేరుగా దూరదు. దూరేది నిప్పురవ్వ. ఎక్కడైనా చిన్న సందులో రవ్వ ఎగిరితే, అది కింది నుంచి పై దాకా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ అరుస్తుంది. మార్కోని రోజుల్లో రేడియో ట్రాన్స్‌మిటర్ అంటేనే రవ్వలు పుట్టించే యంత్రం. అదే పని ఇప్పుడు ఒక స్తంభం ఎవరూ అడగకుండానే చేస్తోందన్నమాట.

ఈ రవ్వ వోల్టేజీ శిఖరానికి చేరిన ప్రతిసారీ, అంటే సెకనుకు వంద సార్లు పేలుతుంది. మీ రిమోట్ ఏం చేస్తోంది? స్టీరింగ్‌కి ఒక పల్సు, స్పీడుకి ఒక పల్సు, ఒక్కోటి ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్లు. ఆ జతను ఇంచుమించు 20 మిల్లీసెకన్లకోసారి పంపుతుంది. రవ్వ 10 మిల్లీసెకన్లకోసారి వస్తుంది కదా, అంటే మీరు పంపే ప్రతి జత మధ్యలో రెండు అబద్ధపు పల్సులు చొరబడుతున్నాయి. ఏది మీ చెయ్యి, ఏది రవ్వ అన్నది ఏఎం రిసీవర్‌కి తెలియదు. అందుకే చక్రాల వణుకు, అందుకే ఆ దూకుడు. క్రిస్టల్ మార్చి ఎరుపో నీలమో పెట్టినా లాభం ఉండదు, రవ్వ అన్నిట్లోనూ ఉంటుంది.

కానీ ఒక మాట. ఆ రవ్వ మీ హెచ్‌టీ లైన్లోనే ఉందని అప్పుడే తేల్చుకోకండి.

---

రిటైర్డ్_లైను_ఇన్‌స్పెక్టర్
ఏప్రిల్ 5, ఉదయం 8:50

పెద్దాయన సరిగ్గా చెప్పారు. నేను ముప్పై మూడేళ్లు లైన్ల మీదే పనిచేశాను, బాపట్ల దగ్గర.

బాబూ, ముందు ఆ టవరుకి వేలాడే పింగాణీ డిస్కులు ఒక దండలో ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పు. తొమ్మిదీ పదీ ఉంటే 132 కేవీ (కేవీ అంటే వెయ్యి వోల్టులు). పద్నాలుగు దాటితే 220. ఇరవై పైన ఉంటే 400. 33 కేవీకి మూడు చాలు. ఖాళీ జాగా వెడల్పు చూసినా తెలుస్తుంది, 132కి 27 మీటర్లు, 220కి 35 మీటర్లు వదులుతారు.

ఇంకో సంగతి, చుట్టుపక్కల 11 కేవీ లైను గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ ఉన్నాయా? పెద్ద టవరు కంటికి ఆనుతుంది కాబట్టి అందరూ దాన్నే తిడతారు. నా అనుభవంలో రేడియో గోల చేసేది ఎక్కువగా పక్కనున్న చిన్న స్తంభమే.

---

గడ్డిమిడత
ఏప్రిల్ 5, రాత్రి 8:20

సార్, డిస్కులు తొమ్మిది. పాప కూడా విడిగా లెక్కపెట్టింది, తొమ్మిదే.

అవును, ఆ జాగా తూర్పు చివర 11 కేవీ లైను మలుపు తిరుగుతుంది. అక్కడ డీటీఆర్ (ఇళ్లకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్) గద్దె, దాని ముందు ఏబీ స్విచ్ (లైనుని కలిపే, విడదీసే స్విచ్) ఉన్నాయి. టవరు నుంచి నా అడుగులతో అరవై అడుగులు.

---

సోల్డర్_శ్రీను
ఏప్రిల్ 5, రాత్రి 9:02

విజయవాడ నుంచి. అన్నా, లైన్ల సంగతి పెద్దవాళ్లు చూస్తారు. నీ మోటారుకి కెపాసిటర్లు (రవ్వల గోలని అణిచే చిన్న బిళ్లలు) ఉన్నాయా? బ్రష్ మోటారు లోపల కూడా రవ్వలే. పాత మోటార్లకి ఆ కెపాసిటర్ల కాళ్లు తుప్పు పట్టి ఊడిపోతాయి. 104 అని రాసి ఉండే సిరామిక్ బిళ్లలు మూడు కావాలి. ఒకటి రెండు టెర్మినళ్ల మధ్య, మిగతా రెండూ ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు డబ్బా మీదికి. డబ్బా మీద టంకం అతకాలంటే ముందు ఉప్పు కాగితంతో గీకాలి, లేకపోతే పట్టదు.

---

షార్ట్‌వేవ్_తాత
ఏప్రిల్ 6, ఉదయం 6:05

శ్రీను చెప్పింది ముఖ్యం. అందుకే మోటారునీ లైన్లనీ విడదీసి చూడాలి. ఇలా చేయండి.

మోటారు నడిపే 7.2 వోల్టుల బ్యాటరీ పీకేయండి. రిసీవర్‌కి విడిగా నాలుగు పెన్సిల్ సెల్లుల డబ్బా ఉంటుంది కదా, అది మాత్రం ఉంచండి. కొత్త సెల్లులు వేయండి. ఇప్పుడు మోటారు తిరగదు, సర్వోలు (స్టీరింగ్‌నీ స్పీడు కంట్రోల్‌నీ కదిపే చిన్న మోటార్లు) మాత్రం పనిచేస్తాయి.

రిమోట్ ఆన్ చేసి పాప చేతికిచ్చి ఒకచోట నిలబెట్టండి. మీరు కారుని చేత్తో పట్టుకుని జాగా అంతా తిరుగుతూ ముందు చక్రాలు చూడండి. రిమోట్ ఆపేసి చూడొద్దు. సిగ్నల్ లేకపోతే పాత ఏఎం రిసీవర్ ఏమీ లేని చోట కూడా ఉత్తినే వణుకుతుంది, మీరు మోసపోతారు. రిసీవర్ వైరు కారు అడుగున చుట్టేసి ఉంటే విప్పి గొట్టంలో నిలబెట్టండి. ఎవరైనా పొడుగైందని కత్తిరించమంటే కత్తిరించకండి.

తర్వాత ట్రాన్సిస్టర్ రేడియో. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టండి. హైదరాబాద్ 738 మీద వస్తుంది, దానికి దూరంగా జరగండి. అయితే మీడియం వేవ్‌లో ఆ గోల తీగల వెంట కిలోమీటర్ల కొద్దీ పాకుతుంది. అది వినిపించిన చోటల్లా తప్పు ఉన్నట్టు కాదు. రేడియోలో షార్ట్‌వేవ్ ఉంటే ముల్లుని పైకి జరుపుతూ వెళ్లండి. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కూడా ఎక్కడ గట్టిగా వినిపిస్తే మూలం దానికి దగ్గర్లో ఉన్నట్టు.

---

రిటైర్డ్_లైను_ఇన్‌స్పెక్టర్
ఏప్రిల్ 6, ఉదయం 9:15

ఒక్క హెచ్చరిక. స్తంభాన్ని కర్రతో తట్టడం, స్టే వైరు (స్తంభాన్ని నేలకి లాగి పట్టే తీగ) పట్టుకుని ఊపడం చేయొద్దు. ఊపితే గోల మారుతుందని ఎవరో ఒకరు చెబుతారు. పైన తీగని కట్టే బైండింగ్ వదులై ఉంటే ఆ ఊపుకి తీగ జారి మీద పడొచ్చు. ఆ రిమోట్ ఏరియల్ మీటరు పొడవు లోహపు కడ్డీ, డీటీఆర్ గద్దె దగ్గరికి దాన్ని బయటికి లాగి తీసుకెళ్లొద్దు. కారు కంచె లోపలికి దూరితే లోపలికి చెయ్యి పెట్టొద్దు, ఫోన్ చెయ్యి.

---

ఫ్రిస్కో_రాజు
ఏప్రిల్ 6, ఉదయం 10:40

టెక్సాస్ నుంచి. ఇక్కడ కార్లకి 75 మెగాహెర్ట్జ్, విమానాలకి 72 అని విడిగా ఇచ్చారు. 2.4 రాకముందు నేను 75 ఎఫ్‌ఎం సెట్ వాడేవాణ్ణి. ఏఎం కంటే చాలా నయమే, అయినా ఒక పార్కింగ్ లాట్‌లో ఒకే మూల కారు పిచ్చెక్కినట్టు తిరిగేది. అక్కడి పెద్దవాళ్లు ఇలాగే రేడియో పట్టుకుని తిరిగి స్తంభం కనిపెట్టారు. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి రవ్వ సెకనుకు 120 సార్లు పేలుతుంది, రేడియోలో శబ్దం ఇండియాలో కంటే కాస్త సన్నగా ఉంటుంది. గడ్డిమిడత గారూ, మీరు చేయబోయేది సరైన పద్ధతి.

---

గడ్డిమిడత
ఏప్రిల్ 7, రాత్రి 9:55

ఇవాళ సాయంత్రం అంతా ఇదే పని. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మోటారు బ్యాటరీ పీకేసి, పాపని పడమటి చివర రిమోట్‌తో నిలబెట్టాను. సరిగ్గా టవరు కిందికి వెళ్తే చక్రాలు కొద్దిగా మాత్రమే కదిలాయి. నేను ఆశ్చర్యపోయాను. తూర్పు వైపు నడుస్తున్నకొద్దీ వణుకు ఎక్కువైంది. డీటీఆర్ కంటే ఒక స్తంభం ముందు, మలుపు స్తంభం దగ్గర, సర్వో టకటకా కొట్టుకుంటూ ఒక వైపుకే పోయి నిలబడింది. పాప అక్కడి నుంచి స్టిక్ తిప్పుతున్నా కదలలేదు. స్తంభం దాటి అవతలికి పోతే మళ్లీ తగ్గింది.

ట్రాన్సిస్టర్ కూడా అదే చెప్పింది. మీడియం వేవ్‌లో జాగా అంతా గర్‌ర్ మంటూనే ఉంది. షార్ట్‌వేవ్‌లో పైకి జరిపితే టవరు దగ్గర దాదాపు ఏమీ లేదు, మలుపు స్తంభం దగ్గర తేనెటీగల తుట్టె కదిపినట్టు మోత.

ఇక అసలు సంగతి. 7 దాటాక స్తంభానికి కొంత దూరంలో రేడియో పట్టుకుని వింటున్నాను. ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. రేడియో పాడైందనుకున్నా. అంతలో ఇంటి నుంచి ఫోన్, కరెంటు పోయిందని! కాలనీ అంతా చీకటి. కారు తీసి చూస్తే చక్రాలు నిశ్చలంగా ఉన్నాయి, పాప ఎటు తిప్పితే అటే తిరుగుతున్నాయి. పన్నెండు నిమిషాలకి వీధి దీపాలు వెలిగాయి, అదే క్షణంలో మోత మళ్లీ మొదలైంది. ఆ పన్నెండు నిమిషాలూ పెద్ద లైను మాత్రం నా నెత్తి మీద మామూలుగా సన్నగా గుయ్‌మంటూనే ఉంది.

---

షార్ట్‌వేవ్_తాత
ఏప్రిల్ 7, రాత్రి 10:20

ఇంతకంటే రుజువు అక్కర్లేదు నాయనా. పవర్ కట్ మీకు పరీక్ష చేసి పెట్టింది. 132 కేవీ లైన్లో కరెంటు ఉండగానే గోల ఆగిందంటే మూలం 11 కేవీలోనే.

---

రిటైర్డ్_లైను_ఇన్‌స్పెక్టర్
ఏప్రిల్ 8, ఉదయం 7:30

నాకు మొదట ఏబీ స్విచ్ మీద అనుమానం వచ్చింది. బ్లేడు పూర్తిగా కూర్చోకపోతే అది కూడా చిరచిరలాడుతుంది. కానీ నువ్వు చెప్పే స్తంభానికి స్విచ్ లేదు కదా. రెండు ప్రశ్నలు. లోడు ఎక్కువగా ఉండే సాయంత్రం, ఎవరూ వాడని తెల్లవారుజామున, మోత ఒకేలా ఉందా? వాన పడ్డాక ఎలా ఉంది?

---

గడ్డిమిడత
ఏప్రిల్ 8, ఉదయం 9:00

ఇవాళ 5కే లేచి వెళ్లి విన్నాను సార్, తేడా లేదు. వాన అంటే గుర్తొచ్చింది. మార్చి నెలాఖరులో వడగళ్లు పడ్డాయి, మర్నాడు పొద్దున అక్కడే కారు చక్కగా నడిచింది. మామయ్య కారు బాగుపడిందని ఆ రోజు ఎంత సంతోషించామో. ఎండ కాసి రెండు రోజులయ్యాక మళ్లీ మొదలైంది.

---

రిటైర్డ్_లైను_ఇన్‌స్పెక్టర్
ఏప్రిల్ 8, ఉదయం 11:10

అయితే ఇన్సులేటర్ బైండింగే. కాంటాక్టు చెడితే లోడుతో పాటు ఎక్కువ తక్కువలు ఉంటాయి. ఇది లోడుతో సంబంధం లేకుండా వోల్టేజీ ఉన్నంతసేపూ ఉంది. ఎండకి ఎక్కువ, వానకి మాయం, సరిగ్గా లూజు బైండింగ్ లక్షణం. పిన్ ఇన్సులేటర్ మెడ దగ్గర తీగని కట్టే బైండింగ్ వదులైతే వెంట్రుకంత సందు పడుతుంది. పొడిగా ఉంటే ఆ సందులో రవ్వ దూకుతుంది. తడిస్తే నీళ్లు ఆ సందుని కలిపేస్తాయి, రవ్వ ఉండదు. మలుపు స్తంభం మీద తీగ ఎప్పుడూ ఒక పక్కకి లాగుతుంటుంది కాబట్టి ముందు అక్కడే వదులవుతుంది.

రాత్రి చీకటి పడ్డాక దూరం నుంచి చూడు, నీలం చుక్క కనిపించొచ్చు. కనిపించినా కనిపించకపోయినా 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకో. బొమ్మ కారు తిరగట్లేదని కాకుండా, ఫలానా డీటీఆర్‌కి ముందు స్తంభం మీద 11 కేవీ ఇన్సులేటర్ దగ్గర రవ్వలు వస్తున్నాయని చెప్పు, అది నిజం కూడా. అలా వదిలేస్తే ఎప్పుడో గాలివానకి తీగ తెగి పడుతుంది. స్తంభం మీద రాసిన నంబరు తప్పకుండా ఇవ్వు.

---

రోవర్_లహరి
ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:45

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, మా టీం చిన్న రోవర్లు చేస్తుంది. సాయి గారు చెప్పినట్టు 2.4కి ఈ రవ్వల బాధ దాదాపు ఉండదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ గోల నీరసపడుతుంది, పైగా ఆ సెట్లు చానళ్లు మారుస్తూ తమ రిమోట్ మాట మాత్రమే వింటాయి. కానీ 2.4లో ఇబ్బందులే ఉండవనుకోవద్దు. మన దేశంలో 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ వరకు 4జీ నడుస్తుంది, అంటే సరిగ్గా పక్కిల్లు. మా రోవర్ ఒక మొబైల్ టవర్ దగ్గర ముప్పై మీటర్లకే తెగిపోయేది, వంద మీటర్లు అవతలికి జరిపితే మామూలైంది. టవర్ పక్కనే హెచ్‌టీ లైను ఉండటంతో మేమూ మొదట లైన్‌నే అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాం.

2.4 వాడేవాళ్లు రిసీవర్ వైరు చివర పైతొడుగు లేని 31 మిల్లీమీటర్ల ముక్కని చూసుకోండి. అసలు యాంటెన్నా అదే. కార్బన్ ఫైబర్ ఛాసిస్‌కి ఆనించొద్దు. సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నాకి వచ్చేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోండి. పాప కాలి పక్క నుంచి పోయిందని చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

---

గడ్డిమిడత
ఏప్రిల్ 8, రాత్రి 9:30

చూశాను సార్. మూడు ఇన్సులేటర్లలో మధ్యదాని మీద. ఆవగింజంత నీలం చుక్క, మినుకు మినుకు మంటోంది. పాప ముందు చూసింది. 1912కి చెప్పాను, నంబరు ఇచ్చారు.

లహరి గారూ, థాంక్స్. నా సెట్‌లో ఫెయిల్‌సేఫ్ లేదు. అందుకే ఇకపై పాపని నా వెనకాలే నిలబెడతాను.

---

గడ్డిమిడత
ఏప్రిల్ 14, సాయంత్రం 6:10

అయిపోయింది! ఇద్దరు వచ్చారు. ఎల్‌సీ (లైను ఆపి పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకుని, ఎర్త్ రాడ్లు వేసుకుని ఎక్కారు. కిందికి దించిన ఇన్సులేటర్‌ని నేను దగ్గర నుంచి చూశాను. గోధుమ రంగు పింగాణీ నిగనిగలాడుతోంది, తీగ కూర్చునే గాడిలో మాత్రం కాటుక పెట్టినట్టు నల్లటి గీత. బైండింగ్ తీగ ఒక చుట్టు పూర్తిగా తెగి ఉంది. కొత్త ఇన్సులేటర్ వేసి, కొత్త బైండింగ్ చుట్టి, లైను ఛార్జ్ చేశారు. ఎక్కినతను దిగాక, ఇది ఇంకో రెండు గాలులకి ఊడేదని అన్నాడు. మజ్జిగ ఇచ్చాం, తాగి వెళ్లారు.

రేడియో నిశ్శబ్దం. కారు ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్లి వచ్చింది.

ఒకటి మిగిలింది. ఫుల్ స్పీడ్‌లో దూరంగా ఉన్నప్పుడు చక్రాలు కొంచెం వణుకుతున్నాయి.

---

సోల్డర్_శ్రీను
ఏప్రిల్ 14, సాయంత్రం 6:40

అన్నా, కెపాసిటర్లు!

---

గడ్డిమిడత
ఏప్రిల్ 16, రాత్రి 8:15

మోటారు విప్పితే ఒకే ఒక్క బిళ్ల ఉంది, దానికీ ఒక కాలు ఊడింది. మూడూ కొత్తవి అతికించాను. వణుకు లేదు. శ్రీను తమ్ముడూ, ఉప్పు కాగితం మాట చెప్పకపోతే ఆ టంకం పట్టేది కాదు.

---

షార్ట్‌వేవ్_తాత
ఏప్రిల్ 17, ఉదయం 6:00

చాలా సంతోషం. ఒక కోరిక. చలికాలంలో పొగమంచు పడ్డ పొద్దున అదే పరీక్ష పెద్ద టవరు కింద చేసి రాయండి. పెద్ద లైన్ల గోల దీనికి తిరగబడి ఉంటుంది, తడిలో ఎక్కువ, పొడిలో తక్కువ. తీగ చుట్టూ గాలే చిట్లుతుంది, దాన్ని కరోనా అంటారు. 132లో కొద్దిగానే ఉండాలి.

---

గడ్డిమిడత
డిసెంబర్ 21, ఉదయం 10:25

తాతగారూ, పొగమంచులో చూసి రాయమన్నారు కదా. ఇవాళ మంచు బాగా పడింది, టవరు పై భాగం కనిపించలేదు. 6:30కి వెళ్లాం. తీగల నుంచి వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు సన్నటి చుయ్‌మనే శబ్దం, ఎండాకాలంలో అది లేదు. మోటారు బ్యాటరీ పీకి అదే పరీక్ష. పాప నలభై అడుగుల దూరంలో ఉన్నంతవరకు చక్రాలు నిలకడగా ఉన్నాయి. డెబ్బైకి వెళ్లాక వణుకు మొదలైంది, కానీ స్టిక్ మాట వింటున్నాయి. మలుపు స్తంభం దగ్గర ఏమీ లేదు. 9కి మంచు విడిపోయి తీగలు ఆరాక టవరు కింద కూడా ఏమీ లేదు.

కారు 9:15కి బయటికి తీశాం. ఇవాళ రిమోట్ పాపే పట్టుకుంది.